జోగిపేట సభలు, మాడపాటివారి గ్రంథము

బీరంగూడనుండి సంగారెడ్డి మీదుగా సాగిపోయినచో జోగిపేట వచ్చును. 1930వ సంవత్సరము మార్చి నెలలో నిజాం రాష్ట్రపు ప్రథమాంధ్ర మహాసభ అచ్చటనే జరిగినది. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డిగారు. నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు అచ్చటనే జరిగినది.

పట్వారీ దస్తరములో శిస్తు, బాకీ, పొలిమేర దొరకును. ఎవరేమి పలికిరో దొరకదు. పైగా నాటి సర్కారు కాగితములు ఉర్దూలో నుండెడివి. ఈ కొరతను తీర్చిన గ్రంథములలో ముఖ్యమైనది మాడపాటి హనుమంతరావు పంతులుగారి ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’. 1949, 1950లలో రెండు భాగములుగా వెలువడినది. 1885లో జన్మించిన పంతులుగారు, తాము నడిపిన ఉద్యమమునే అరువదియైదేండ్ల ప్రాయమున వెనుదిరిగి చూచిరి.

దానికి మొదలు ఒక అవమానము. 1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘసంస్కార సభ జరిగినది. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలిచేసిరి. తెలుగుదేశపు నడిబొడ్డున తెలుగునకు కలిగిన మర్యాద అది! ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. సంఘము పల్లెలలో గ్రంథాలయములు నెలకొల్పసాగెను. సభ పెట్టవలెనన్న గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు ప్రకారము ముందుగా సర్కారు అనుమతి పొందవలసియుండెను. అట్టి రోజులలో పుస్తకములున్న గదియే జనులు కూడుటకు తావైనది.

పాల్గొన్నవారే చరిత్ర వ్రాసినచో పక్షపాతముండునని కొందరందురు. ఉండవచ్చును. కాని తరువాతివారు తూచుటకు తూకపురాళ్లు వారి గ్రంథములే. పంతులుగారు 1970లో కీర్తిశేషులైరి. వారివంటివారు కలము పట్టకున్నచో, జోగిపేటలో జరిగినది చూచినవారితోనే పోయియుండెడిది.