పాపం వేరు, నేరం వేరు

హాస్టల్లో ఒక తమ్ముడు రాత్రి మా పక్కన కూర్చుని అడిగాడు: "అన్నా, నాకు అబ్బాయిలంటేనే ఇష్టం. ఇంక గుడికి రాకూడదా?" (రాయమన్నది తనే, పేరొద్దన్నాడు.) నాతవరం కొండవైపు ఊళ్ళ నుంచి మొదటిసారి కాలేజీకొచ్చినోళ్ళం, మాకు జవాబు తెలీలేదు. చరిత్ర వెతికాం.

విశాఖకి ఎంఎస్ఎఫ్ఎస్ ఫాదర్లు 1846లో వచ్చారు. సెక్షన్ 377 ఇంగ్లీషోళ్ళు 1860లో రాసిన శిక్షాస్మృతిలోది. రెండూ తెల్లోళ్ళతోనే వచ్చాయి కదా, మనం ఒకటే అనుకున్నాం. కానీ 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ని మళ్ళీ నిలబెట్టినప్పుడు, వీళ్ళని శ్రీసభ ఎప్పుడూ నేరస్థులుగా చూడలేదని ముంబయి కార్డినల్ ఓస్వాల్డ్ గ్రేసియస్ అన్నారు. పెళ్ళికి మాత్రం ఒప్పుకోలేదు. 2018 సెప్టెంబరు 6న కోర్టే నేరం కాదంది.

బోధ మారలేదు, దాచి లాభం లేదు. 1992 నాటి సత్యోపదేశం అలాంటి కలయిక తప్పంటుంది, బ్రహ్మచర్యం పాటించమంటుంది. అదే పుస్తకం 2358వ పేరాలో వీళ్ళని గౌరవంతో, దయతో ఆదరించాలి, అన్యాయంగా వివక్ష చూపొద్దు అని ఉంది. మొదటిది మనూళ్ళో అందరికీ తెలుసు. ఈ పేరా మాకెవరూ చదివి వినిపించలేదు.

తమ్ముడికి చూపించాం. రెండుసార్లు చదివాడు. ఆదివారం పూజకొచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. పాపసంకీర్తనానికి మాత్రం వెళ్ళలేదు.