కలియుగ భీముడి శిష్యులెవరు?

సమాయిల్ అంటే ఎక్కడో చాలామందికి తెలియకపోవచ్చు. ఒమాన్‌లో, మస్కట్ నించి నిజ్వా వెళ్ళే దారిలో ఓ గంట ప్రయాణం. నల్లటి బోడి కొండలు, వాటి కింద ఖర్జూరపు తోటలు. ఇక్కడి పారిశ్రామిక వాడలో ఒక ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ పెట్టే పని మీద ఉంటున్నాను. అక్కడి వెల్డర్లు, ఫిట్టర్లలో శ్రీకాకుళం వైపు కుర్రాళ్ళు కొందరున్నారు. సెలవు రోజున వాళ్ళ గదికి వెళ్తే ఫోనులో యూఎఫ్‌సీ పోటీలు నడుస్తూ ఉంటాయి. ఈ మధ్య అలాగే చూస్తుంటే పాలకొండ వైపు కుర్రాడొకడు అడిగాడు.

"ఏటి సార్, ఈ బ్రెజిలోళ్ళకి ఇంత విద్య ఎలాగొచ్చింది? మన రామ్మూర్తి నాయుడు ఈళ్ళకి తీసిపోయాడా? మరి మనోళ్ళెవరూ కనపడరేటి?"

సరదాకి అడిగిందే గానీ, మంచి ప్రశ్న. జవాబు కోసం వెతికితే రెండు కథలు పక్కపక్కన నిలబడ్డాయి.

మొదటిది బ్రెజిల్ కథ. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో మొట్టమొదటి యూఎఫ్‌సీ జరిగింది. బాక్సరు, కరాటే వాడు, సుమో వాడు.. అందర్నీ ఒకే బరిలోకి దింపితే ఎవరు గెలుస్తారో చూద్దామన్నది సరదా. గెలిచినవాడు రాయిస్ గ్రేసీ. బ్రెజిల్ వాడు, బరువు 80 కిలోల చుట్టూ, చూస్తే మన ఆఫీసులో పక్క సీటు వాడిలా ఉంటాడు. ఒక్క రాత్రిలో ముగ్గుర్ని ఓడించాడు. 1994లో మరో రెండు టోర్నమెంట్లు గెలిచాడు. ఆ రెండోదాని ఫైనల్లో తనకంటే ముప్పై కిలోలు పైబడి బరువున్న డాన్ సెవెర్న్ కింద దాదాపు పదహారు నిముషాలు పడి ఉండి, చివరికి కాళ్ళతో మెడ బిగించి గెలిచాడు.

ఇతనికీ విద్య ఎక్కడిది? తండ్రి హీలియో గ్రేసీ దగ్గర. హీలియోకి? అన్న కార్లోస్ దగ్గర. కార్లోస్‌కి? ఇక్కడ కథ జపాను వెళ్తుంది. మిత్సుయో మయెదా అనే జూడో వీరుడు 1904లో అమెరికా వెళ్ళి, అక్కణ్ణించి యూరప్, క్యూబా, మెక్సికో అన్నీ తిరిగి, దొరికినవాడితో దొరికినచోట కుస్తీ పట్టి, 1914లో బ్రెజిల్ చేరాడు. 'కొండె కోమా' అని బిరుదు. సర్కస్‌లో కూడా ప్రదర్శనలిచ్చాడు. చివరికి బెలెం అనే ఊళ్ళో స్థిరపడి పాఠాలు చెప్పాడు. అక్కడ 1917 ప్రాంతంలో నేర్చుకున్నవాడు కార్లోస్. మయెదా దగ్గరే ఎక్కువ నేర్చాడా, ఆయన శిష్యుడి దగ్గరా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఎలా చూసినా అది గురుశిష్యుల గొలుసే.

రెండో కథ మనది. కోడి రామ్మూర్తి నాయుడు గారు 1880ల మొదట్లో వీరఘట్టంలో పుట్టారు. (నిన్నమొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నించి పార్వతీపురం మన్యం జిల్లా.) విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పూర్తిచేసి, విజయనగరం వచ్చి బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేరారు. తర్వాత ఉద్యోగం వదిలి సర్కస్ పెట్టారు. ఛాతీకి చుట్టిన ఇనప గొలుసు ఊపిరి పీల్చి తెంచడం, చెరో పక్కా లాగుతున్న రెండు కార్లని కదలకుండా ఆపడం, పడుకుని రొమ్ము మీద పలక వేయించుకుని ఏనుగుని ఎక్కించుకోవడం.. ఇవీ ఆయన ప్రదర్శనలు. దేశమంతా తిరిగారు, లండన్ కూడా వెళ్ళారు. అయిదో జార్జి చక్రవర్తి 'ఇండియన్ హెర్క్యులస్' అన్నాడని మనవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మనం పెట్టుకున్న పేరు మాత్రం కలియుగ భీముడు.

ఈ ఫీట్లని ఇప్పుడు యూట్యూబ్ కళ్ళతో చూసి తేలిగ్గా తీసెయ్యకూడదు. అది ఏ కాలం? భారతీయులు బలహీనులని, పాలించడానికి పనికిరారని తెల్లవాళ్ళు ధైర్యంగా పుస్తకాల్లో రాసుకునే కాలం. జర్మను బలశాలి యూజెన్ శాండో 1904-05లో మన దేశం వచ్చి కండలు చూపించి వెళ్ళాడు, జనం నోరెళ్ళబెట్టి చూశారు. వెంటనే స్వదేశీ ఉద్యమం. అలాంటి సమయంలో ఒక తెలుగు డ్రిల్లు మాస్టారు ఏనుగుని గుండెల మీదికి ఎక్కించుకుంటే, టిక్కెట్టు కొన్నవాడు చూసింది ఏనుగుని కాదు. తన వెన్నెముకని.

మరి ఇద్దరికీ తేడా ఎక్కడ వచ్చింది? ఒకాయన కుస్తీ వస్తాదు, ఇంకొకాయన బలప్రదర్శన చేసే మల్లుడు అనొచ్చు. నిజమే గానీ అది పైపై మాట. బలప్రదర్శనలోనూ విద్య ఉంది. పలక ఎంత వాలుగా ఉండాలి, బరువు ఒంట్లో ఏ ఎముకల మీదుగా నేలకి దిగాలి, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలి.. ఇదంతా నేర్పగలిగిందే. కానీ సర్కస్ బతికేది ఆశ్చర్యం మీద. ఎలా చేస్తారో అందరికీ తెలిస్తే రేపు టిక్కెట్టు ఎవడు కొంటాడు? పాఠశాల బతికేది దానికి తలకిందులుగా. ఎలా చేస్తారో చెప్తేనే ఫీజు. గ్రేసీలు 1925లో రియోలో వ్యాయామశాల పెట్టుకుని ఒకే చోట కూచున్నారు. రామ్మూర్తి గారిది గుడారం. ఇవాళ ఇక్కడ, వచ్చే నెల ఇంకో ఊళ్ళో.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే ఒకరు కేటీ ఇచ్చారు, ఒకరు ఇవ్వలేదు :-) ప్రాజెక్టు వదిలేముందు మనకి తెలిసిందంతా తర్వాతి వాడి తలకెక్కించే కార్యక్రమం అన్నమాట. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటారు.

గ్రేసీలు ఓటమికి కూడా కేటీ రాసుకున్నారు. 1951 అక్టోబరులో రియోలో జపాను వీరుడు కిమురాతో హీలియో తలపడ్డాడు. కిమురా చెయ్యి మెలిపెట్టి ఓడించాడు. గ్రేసీలు ఏం చేశారు? ఆ పట్టుని నేర్చుకుని, దానికి 'కిమురా' అని ఓడించినవాడి పేరే పెట్టి శిష్యులకి నేర్పారు. ఇప్పటికీ ప్రపంచమంతా అదే పేరు. రాయిస్ కూడా ఎల్లకాలం గెలవలేదు. 2000లో టోక్యోలో సకురాబాతో తొంభై నిముషాలు పోరాడాక వాళ్ళవాళ్ళే తువ్వాలు విసిరి ఆపించారు. 2006లో మాట్ హ్యూస్ మొదటి రౌండులోనే పడగొట్టాడు. అప్పటికే ఆయన్ని ఓడించేవాళ్ళు కూడా ఆయన విద్య నేర్చుకునే బరిలోకి దిగుతున్నారు. అంతకన్నా గెలుపేముంది?

రామ్మూర్తి గారి చివరి రోజులు బాధగా ఉంటాయి. కాలికి పుండు లేచి కాలు తీసేయాల్సి వచ్చింది. సంపాదించింది కరిగిపోయింది. 1942 సంక్రాంతి రోజుల్లో పోయారు. విచిత్రమేమిటంటే మయెదా బెలెంలో కన్ను మూసింది 1941 నవంబరులో. ఇద్దరికీ రెండు నెలల తేడా. ఒకాయన వెనకాల వ్యాయామశాలలు మిగిలాయి, ఒకాయన వెనకాల కథలు.

ఇందులో ఆయన తప్పు కంటే మనదే ఎక్కువని నా అభిప్రాయం. కలియుగ భీముడు అనేశాక ఇంకేముంది? భీముడికి దండం పెడతాం, భీముడి దగ్గర పాఠం నేర్చుకుంటామా? మనిషిని అవతార పురుషుణ్ణి చేశామంటే, అలాంటివాడు మళ్ళీ పుట్టడని మనమే తీర్పు చెప్పేసినట్టు.

పాఠం చెప్పేవాడు దొరికితే ఏమవుతుందో అదే శ్రీకాకుళం జిల్లా చూపించింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమెని తయారుచేసిన కోచ్ నీలంశెట్టి అప్పన్న గారు. ఆయన ఏనుగునెత్తలేదు, గొలుసులు తెంచలేదు. ఇనప కడ్డీ ఎలా పట్టుకోవాలో పల్లెటూరి పిల్లలకి ఓపిగ్గా చెప్పారు. మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఈసారి విశాఖ బీచి రోడ్డులో రామ్మూర్తి నాయుడు గారి విగ్రహం దగ్గర ఫోటో దిగేటప్పుడు, పిల్లలకి ఏనుగు కథ తప్పకుండా చెప్పండి. ఆయన మొదట్లో డ్రిల్లు మాస్టారని కూడా చెప్పండి.