లైంగిక ప్రవర్తన పరిశోధన: గుంటూరు, ప్రకాశం జిల్లాల అనుభవం

లైంగిక ప్రవర్తనపై సర్వేల్లో ప్రధాన సమస్యలు రెండు: ఎవరిని అడగాలి, చెప్పిన జవాబును ఎంతవరకు నమ్మాలి. ఈ రెండింటికీ ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలు మంచి ఉదాహరణలు.

నమూనా: గర్భిణుల క్లినిక్కులు, సుఖవ్యాధుల క్లినిక్కుల లెక్కల ఆధారంగా గుంటూరు జిల్లాలో హెచ్ఐవీ బాధితులు సుమారు 1,12,600 మంది అని అంచనా ఉండేది. 2004–05లో హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ పరిశోధకులు 66 గ్రామీణ, పట్టణ ప్రాంతాల్లో 15–49 ఏళ్లవారు 12,617 మంది రక్తం పరీక్షించగా అంచనా సుమారు 45,900కు తగ్గింది. హెచ్ఐవీ అనుమానితులను ఆ క్లినిక్కులున్న పెద్దాసుపత్రులకు పంపడం వల్ల అక్కడి లెక్కలు పెరిగి కనిపించాయి.

ఇంటింటి సర్వేకూ లోపాలున్నాయి. మిరప కోతలకు వలస వచ్చే కూలీలు, లారీ డ్రైవర్లు, లాడ్జీల్లో ఉండేవారు ఇంటి జాబితాకు ఎక్కరు. అందుకే 2005–07 నాటి ఐబీబీఏ (ఇంటిగ్రేటెడ్ బిహేవియరల్ అండ్ బయోలాజికల్ అసెస్‌మెంట్) సర్వే ఈ రెండు జిల్లాల్లోనూ సెక్స్ వర్కర్ల వంటి వర్గాలను వేరుగా పరిశీలించింది.

జవాబులు: వసారాలో అత్తగారు వింటుండగా కోడలు ఏ ప్రశ్నకైనా "లేదండీ" అనే అంటుంది. ఏకాంతం, అడిగేవారు ఆడా మగా అన్నది, గోప్యతపై నమ్మకం జవాబును మారుస్తాయి. రక్తపరీక్ష వ్యాధిని చెబుతుందే గాని ప్రవర్తనను చెప్పదు.

అయినా నమూనా మారితే అంచనా ఎంత మారుతుందో గుంటూరులో లాగే దేశస్థాయిలోనూ కనిపించింది: 2007లో ఇంటింటి రక్తపరీక్షలనూ లెక్కలోకి తీసుకున్నాక దేశంలో హెచ్ఐవీ బాధితుల అంచనా సుమారు 25 లక్షలకు, అంటే అంతకుముందున్న దానిలో దాదాపు సగానికి, తగ్గింది.