నక్షత్రం పంపిన వార్త

ఉగాదినాడు పంచాంగ శ్రవణం మన ఆచారం. ఊరు మారినా, రాష్ట్రం మారినా, ఆ ఆచారం మనలను విడువలేదు. గ్రహగతులన్నీ అందులో ముందే చెప్పబడును. కాని ఏ పంచాంగకర్తా ముందుగా చెప్పజాలని నక్షత్రవార్త ఒకటి అక్షయ నామ సంవత్సరం మాఘ బహుళంలో, అనగా 1987 ఫిబ్రవరి 23, సోమవారం మధ్యాహ్నం 1 గంట 5 నిమిషాలకు భూమికి చేరినది. ఆ నక్షత్రం దక్షిణాకాశంలోనిది. ఆ వేళకు దెగ్లూరువారికి అది క్షితిజానికి దిగువన ఉన్నది. కనుక ఆ వార్త భూమిని దూసుకొని, కాళ్ళ క్రిందినుండి వచ్చి, ఇక్కడి ప్రతి ప్రాణిలోనుండి సాగిపోయినది. చదరపు సెంటీమీటరుకు వెయ్యి కోట్లకు పైగా కణాలు! ఒక్కరికీ తెలియలేదు.

ఆ కణాల పేరు న్యూట్రినోలు. వానికి విద్యుదావేశం లేదు. ఇతర పదార్థంతో పొత్తు బహు స్వల్పం. 1930లో పౌలీ వాని ఉనికిని ఊహించగా, 1956లో రైన్స్, కోవన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు దానిని రుజువు చేశారు. 1965లో మన పొరుగునే మరొక ఘనకార్యం జరిగినది. కాస్మిక్ కిరణాల తాకిడికి వాయుమండలంలో పుట్టే న్యూట్రినోల జాడ కోలారు బంగారు గనిలో, సుమారు 2,300 మీటర్ల లోతున దొరికినది. మేనన్, శ్రీకంఠన్, నరసింహం, రమణమూర్తి మొదలైన టాటా సంస్థ శాస్త్రజ్ఞులు, జపాను, ఇంగ్లండు మిత్రులతో కలిసి దీనిని సాధించారు. అంత లోతు ఎందుకు? ఇతర కణాలను పైనున్న రాయి అడ్డగిస్తుంది. న్యూట్రినో మాత్రమే దాటి రాగలదు. చిత్తూరు, ఆర్కాటు సీమలనుండి పొట్ట చేతబట్టుకొని వలసపోయిన తెలుగు, తమిళ కార్మికులు తరతరాలుగా తవ్విన గని అది.

1987 నాటి వార్తను పట్టినవీ ఇటువంటి భూగర్భ పరికరాలే. జపానులోని కామియోకాలో 11, అమెరికాలో ఒక ఉప్పుగనిలో 8, రష్యాలోని బక్సాన్‌లో 5, వెరసి 24 న్యూట్రినోలు చిక్కాయి. సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరాన ఒక మహానక్షత్రం గర్భం కుప్పకూలినది. ఆ శక్తిలో నూటికి 99 పాళ్ళు న్యూట్రినోలే మోసుకొని పోయాయి. వెలుగు మాత్రం నక్షత్రపు పైపొరలు బద్దలయ్యేవరకు ఆగి, గంటల తరువాత బయలుదేరినది. మరునాడు చిలీ దేశంలో ఇయాన్ షెల్టన్ ఆ క్రొత్త వెలుగును గుర్తించాడు.

ఈ 24 కణాలు న్యూట్రినో గుణాలను ఎట్లు చెప్పాయి? దెగ్లూరులో ఒకేసారి బయలుదేరిన బండ్లు మద్నూరుకు దాదాపు ఒకేసారి చేరవచ్చును. అవే తిరుపతికి వెళితే, బరువైన బండి ఎంత వెనుకబడేదీ తేలిపోవును. న్యూట్రినోకు బరువు ఎక్కువగా ఉంటే, తక్కువ శక్తిగలవి ఎక్కువ శక్తిగలవానికంటె ఎంతో వెనుకబడవలెను. కాని 1,68,000 ఏండ్ల ప్రయాణం చేసి, కామియోకాలో అన్నీ 13 సెకండ్లలోపే చేరాయి. కనుక వాని బరువు సుమారు 20 ఎలెక్ట్రాన్ వోల్టులకు మించదని తేలినది. ఎలెక్ట్రాను బరువే 5,11,000! వెలుగుతో దాదాపు సమంగా వచ్చుటచేత వాని వేగమూ తెలిసినది. దారిలో నశింపక చేరుటచేత వాని ఆయువు అల్పం కాదనీ తెలిసినది. అక్షయ నామ సంవత్సరం సార్థకమైనది!

బరువు అసలే లేదా? ఉన్నదని 1998లో సూపర్ కామియోకా పరిశోధన సూచించినది. అది 0.45 ఎలెక్ట్రాన్ వోల్టులకు మించదని 2025లో జర్మనీ ప్రయోగం తెలిపినది. కామియోకా నాయకుడు కోషిబాకు 2002లో నోబెల్ బహుమానం లభించినది. కోలారు గని మాత్రం 2001లో మూతపడినది.

మన పాలపుంతలో ఇట్టి విస్ఫోటం నూరేండ్లకు రెండో మూడో జరుగునని అంచనా. ఈసారి 24 కాదు, వేలకొలది న్యూట్రినోలు చిక్కగలవు. వార్త రేపు రావచ్చును, మన మనుమల కాలంలో రావచ్చును. అది పదమూడు సెకండ్ల అతిథి. ఆ క్షణాన మేలుకొని ఉన్నవారికే దర్శనం. వలస కూలీల గనిలో తొలి జాడలు చూచిన దేశం ఆనాడు నిద్రపోరాదు. మన పిల్లలకు కోలారు కథ చెప్పుదము.