ప్రకాశం బ్యారేజీ బోట్లు: 12 అడుగుల నీళ్లలో డైవర్లకు అంత కష్టం ఎందుకు?

సముద్రం కాదు.. వందల అడుగుల లోతూ లేదు. విజయవాడ ప్రకాశం బ్యారేజీలో నిండు నీటిమట్టం 12 అడుగులే. అయినా 2024 సెప్టెంబర్‌లో అక్కడ ఇరుక్కున్న బోట్లను తీయడానికి క్రేన్లు, విశాఖ డైవర్లు రోజుల తరబడి కుస్తీ పట్టారు. ఎందుకంత కష్టమైంది?

అసలేం జరిగిందంటే..

2024 సెప్టెంబర్ 1న కృష్ణా వరదలో భారీ ఇనుప బోట్లు కొట్టుకొచ్చి గేట్లను ఢీకొట్టాయి. 67, 69 గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. గేటు ఎత్తేటప్పుడు, దించేటప్పుడు బరువును బ్యాలెన్స్ చేసేవి ఇవే. ఆ వరద 11.43 లక్షల క్యూసెక్కుల వరకు వెళ్లింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో కొత్త కౌంటర్ వెయిట్లు బిగించారు. బోట్లు మాత్రం కదల్లేదు. డెల్టాలో దాదాపు 13 లక్షల ఎకరాలకు నీళ్లిచ్చే బ్యారేజీ కావడంతో టెన్షన్ పెరిగింది.

క్రేన్లతో కాలేదు

ఒక్కో బోటు దాదాపు 40 టన్నులు. పైగా ఒకదానికొకటి చిక్కుకున్నాయి. లోపల నీళ్లు నిండితే బరువు ఇంకా పెరుగుతుంది. క్రేన్లు లాగినా ఫలితం లేకపోవడంతో, ముక్కలుగా కోసి తీద్దామని డైవర్లను దించారు.

డైవర్లకు అసలు సమస్యలు ఇవే

* చూపు ఆనదు: వరద నీళ్లలో బురద ఎక్కువ. లైటు వేసినా ఉపయోగం తక్కువ. చేత్తో తడుముకుంటూ పని చేయాలి.
* గేటు లాగేస్తుంది: గేటుకు అటూ ఇటూ నీటిమట్టంలో తేడా ఉంటుంది. చిన్న సందు దొరికినా నీళ్లు బలంగా అటు దూకుతాయి. మనిషి అక్కడ అతుక్కుపోతే బయటపడటం చాలా కష్టం.
* కోయడం: ప్రత్యేక రాడ్లకు కరెంట్, ఆక్సిజన్ అందించి నీటిలో ఇనుమును కోస్తారు. బోటు లోపల గ్యాస్ చేరితే పేలే ప్రమాదం ఉంటుంది.

వీపు మీద ఉండేది ఆక్సిజన్ కాదు

చాలామంది అలాగే అనుకుంటారు. మామూలు స్కూబా సిలిండర్‌లో ఉండేది ఒత్తిడితో నింపిన గాలి. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒత్తిడి ఒక అట్మాస్ఫియర్ పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర గాలి పైనకంటే నాలుగు రెట్లు వేగంగా ఖర్చవుతుంది. అందుకే గోదావరిలో కచ్చులూరు కథ వేరు. 2019 సెప్టెంబర్ 15న మునిగిన రాయల్ వశిష్ట బోటు 200 అడుగులకు పైగా లోతులోకి వెళ్లింది. ధర్మాడి సత్యం బృందం, విశాఖ డైవర్లు కలిసి దాన్ని బయటకు తీసింది అక్టోబర్ 22న. అక్కడ శత్రువు లోతు. ఇక్కడ బురద, గేట్ల లాగుడు.

చివరికి ఎలా తీశారు?

బ్యారేజీ దగ్గర కోత నెమ్మదిగా సాగడంతో ప్లాన్ మార్చారు. కాకినాడ అబ్బులు బృందం రెండు పెద్ద పడవలను ఇనుప గడ్డర్లతో కలిపింది. మునిగిన బోటును వాటికి కట్టి, చైన్ పుల్లర్లతో పైకి లేపింది. బరువు మోసింది నీళ్లలో తేలే పడవలే. అలా సెప్టెంబర్ 17న ఒక బోటు ఒడ్డుకు చేరింది.

ఒక్క మాట: శిక్షణ ఉన్న డైవర్లే భయపడే చోటు గేట్ల దగ్గరి నీరు. నది ప్రశాంతంగా కనిపించినా అక్కడ ఈతకు దిగొద్దు.