మంచినీటి హైడ్రోజోవాలు: వర్గీకరణ చరిత్ర

దంశకణాలతో ఎరను కుట్టి పట్టే నిడేరియా వర్గంలో హైడ్రోజోవా ఒక తరగతి. ఇందులో ఎక్కువ జీవులు సముద్రంలోనే ఉంటాయి. మంచినీటికి అలవాటుపడినవి కొద్దే. చాలా జాతుల జీవితంలో రెండు దశలుంటాయి: అడుగున అతుక్కుని ఉండే పాలిప్, గొడుగులా ముడుచుకుంటూ ఈదే మెడ్యూసా. అయితే వీటిలో ఒకటైన మంచినీటి హైడ్రాకు మెడ్యూసా దశే లేదు. ఈ జీవుల వర్గీకరణలో దొర్లిన పెద్ద పొరపాట్లకు మూలం తరచుగా ఒకటే: కంటపడిన ఒక్క రూపాన్ని జీవి మొత్తంగా లెక్కగట్టడం.

1702లో లీవెన్‌హుక్ హైడ్రాను చూశాడు. 1740ల్లో ట్రెంబ్లీ దాన్ని ముక్కలు చేస్తే ప్రతి ముక్కా మళ్లీ పూర్తి జీవి కావడంతో, ఇది మొక్కా జంతువా అన్న చర్చ రేగింది. ఎరను పట్టి మింగడం, కదలడం చూసి ఆయన జంతువనే తేల్చాడు. 1880లో లండన్ రీజెంట్స్ పార్కులోని కలువ తొట్టిలో కనిపించిన చిన్న మెడ్యూసాకు లాంకెస్టర్ క్రాస్పెడకస్టా అని పేరు పెట్టాడు. 1885లో అమెరికాలో పాట్స్ వర్ణించిన మైక్రోహైడ్రా దాని పాలిప్ దశేనని తర్వాత తేలింది. ఒకే జీవికి రెండు పేర్లు! మన దేశంలో అనండేల్ కూడా కలకత్తా హైడ్రాను ముందు కొత్త జాతిగా ప్రకటించి, 1911 నాటి గ్రంథంలో హైడ్రా వల్గారిస్‌లోనే కలిపేశాడు. కృష్ణా ఉపనదులు పుట్టే సాతారా ప్రాంతం నుంచి లిమ్నోక్నిడా ఇండికా అనే మంచినీటి మెడ్యూసాను ఆయన వర్ణించిందీ ఆ ఏడాదే.

జన్యువులు చదవడం వచ్చాక రూపంతో పనేముందన్న ఆక్షేపణ ఉంది. అందులో కొంత నిజముంది. హైడ్రా సాదాగా ఉంది కనుక ఆదిమ జీవి అనుకున్న భావన, దాని పూర్వీకులకు మెడ్యూసా దశ ఉండి తర్వాత పోయిందని తేలడంతో వీగిపోయింది. 2010లో దాని జన్యుపటమూ వెలువడింది. అయితే జన్యువు చుట్టరికాన్ని చెబుతుంది గానీ, ఏ కాలంలో ఏ దశ నీటిలో ఉంటుందో చెప్పదు.

అందుకే, కంటపడిన ఒక్క దశనే చూసి తేల్చకూడదన్న సూత్రం మన చెరువుల్లో ఈ జీవులను వెతికేటప్పుడూ, అంటే మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువుకూ, భూపాలపల్లి జిల్లాలోని గణపసముద్రానికీ, జనగామ చెరువులకూ వర్తిస్తుంది. మెడ్యూసాలు కొద్ది వారాలే పైకి తేలతాయి; వాటి పాలిప్ మిల్లీమీటరు ఉండీ ఉండనట్టు రాయికో ఆకుకో అంటుకుని ఉంటుంది. ఒక్క వేసవిలో వల వేసి ఏమీ దొరకలేదని, అలాంటి జాతి అక్కడ లేదనలేం. వానాకాలం మత్తడి పోసినప్పుడూ, చలికాలంలోనూ, నీళ్లు తగ్గినప్పుడూ నీటితోపాటు నాచునూ రాళ్లనూ పరీక్షించాకే ఆ చెరువు జీవుల జాబితాకు విలువ.