నాదమూ, రొదా: న్యూయార్కు నగర శబ్ద నిబంధనల చరిత్ర

ఆలయ వార్షికోత్సవం అనగానే మంగళవాద్యాలు, ఘంటానాదం, వేదఘోష స్ఫురిస్తాయి. ఈ దేశంలో పుట్టి పెరిగిన మీకు వాటితోపాటు మరొక మాట కూడా చిన్ననాటి నుండి వినిపిస్తూ వచ్చి ఉంటుంది: "పది దాటింది, మైకు తగ్గించండి." మన పెద్దలలో కొందరు దీనిని పరాయి గడ్డపై తప్పని సర్దుబాటుగా భావించారు. మీలో కొందరు దీనిని మన సంప్రదాయంపై విధించిన ఆంక్షగా తలచి ఉండవచ్చు. ఈ నిబంధన ఎక్కడ పుట్టింది, ఎవరిని కాపాడింది, ఎవరిని నొప్పించింది, చివరకు ఏ న్యాయసూత్రంపై నిలిచింది అన్నవి తెలిస్తే దానిని పాటించడమూ, అవసరమైనప్పుడు ప్రశ్నించడమూ రెండూ మీకు చేతనవుతాయి. అందుకు న్యూయార్కు నగర చరిత్ర చక్కని పాఠం.

నది మీది కూతలు

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో హడ్సన్ నదిపై టగ్గు పడవలు రాత్రంతా కూతలు వేసేవి. అపాయాన్ని సూచించడానికే గాక, పడవల సిబ్బంది ఒకరినొకరు పలకరించుకొనడానికి కూడా అవి మోగేవి. నదీతీరాన రివర్‌సైడ్ డ్రైవ్‌లో నివసించిన జూలియా బార్నెట్ రైస్ వైద్యవిద్య అభ్యసించిన మహిళ. ఆమె కొలంబియా విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర విద్యార్థులచేత ఆ కూతలను లెక్కపెట్టించగా, ఒక్క రాత్రిలోనే దాదాపు 3,000 తేలాయి. తన నిద్ర చెడుతున్నదన్న ఫిర్యాదుతో ఆమె ఆగిపోలేదు. తీరంలోని ఆసుపత్రులలో రోగులు పడుతున్న బాధను ముందుకు తెచ్చింది. 1906లో అనవసర శబ్దాల నిరోధానికి ఒక సంఘాన్ని స్థాపించింది. 1907లో పడవల కూతలను నియంత్రిస్తూ అమెరికా కాంగ్రెసు చట్టం చేసింది. ఆసుపత్రుల చుట్టూ నిశ్శబ్ద మండలాలు ఏర్పడ్డాయి. పిల్లల ఆసుపత్రుల వద్ద శబ్దం తగ్గించే శాఖకు సుప్రసిద్ధ రచయిత మార్క్ ట్వేన్ గౌరవాధ్యక్షుడయ్యాడు.

1929లో నగర ఆరోగ్యశాఖాధిపతి షర్లీ విన్ ఒక శబ్ద నివారణ సంఘాన్ని నియమించాడు. పరికరాలు అమర్చిన ఒక వాహనం వీధి వీధీ తిరిగి, అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్న డెసిబెల్ అనే కొలతలో రొదను నమోదు చేసింది. పత్రికల ద్వారా పంచిన ప్రశ్నావళికి 11,000 మందికి పైగా పౌరులు జవాబులు పంపారు. 1930లో వెలువడిన నివేదికలో లారీలు, మోటారు హారన్లు, రేడియోలు, నిర్మాణ యంత్రాలు ముద్దాయిలుగా నిలిచాయి. అంతవరకు "నాకు చిరాకుగా ఉన్నది" అన్న ఫిర్యాదు మాత్రమే ఉండేది. ఇప్పుడు "ఇంత ఉన్నది" అని చెప్పే సాధనం చేతికి వచ్చింది.

ఎవరి శబ్దం రొద?

ఇక్కడొక చేదు నిజాన్ని గుర్తుంచుకోవాలి. 1935లో మేయర్ ఫియోరెల్లో లా గార్డియా నిశ్శబ్ద రాత్రుల ఉద్యమాన్ని ఆరంభించాడు. 1936లో నగరం శబ్ద శాసనం చేసింది. ఆ కాలంలోనే వీధులలో చేతితో తిప్పే ఆర్గన్ వాయించి పొట్టపోసుకొనేవారిని నగరం నిషేధించింది. వారిలో ఎక్కువమంది ఇటలీ నుండి వలస వచ్చిన పేదలు. లా గార్డియా కూడా ఇటలీ నుండి వచ్చినవాని కుమారుడే. ఒక తరం వలసదారుల సంగీతాన్ని వారి తరువాతి తరమే రొదగా ఎంచిన ఈ ఘట్టం రెండవ తరంవారైన మీకు ఆలోచింపదగినది. శబ్దాన్ని కొలిచే యంత్రానికి పక్షపాతం ఉండదు. దేనిని కొలవాలో నిర్ణయించే మనిషికి ఉండవచ్చు.

మరొక వైపు, నియంత్రణ లేకపోతే నష్టపోయేది ఎవరో కూడా చరిత్ర చూపింది. మన్‌హాటన్ ఉత్తర భాగంలోని 98వ నంబరు ప్రభుత్వ పాఠశాల పక్కనే ఎత్తైన వంతెన మీదుగా రైళ్లు నడిచేవి. మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ 1975లో ప్రచురించిన పరిశోధనలో, రైలు వైపు గదులలో చదివిన పిల్లలు అవతలి వైపు పిల్లల కంటే పఠనంలో వెనుకబడి ఉన్నట్లు తేలింది. తరువాత పట్టాల కింద రబ్బరు దిండ్లు, తరగతి గదులలో ధ్వనిని పీల్చుకొనే పైకప్పు అమర్చగా ఆ తేడా పోయిందని 1981లో ఆమె నిరూపించింది. 1972లో నగరం సమగ్ర శబ్ద నియంత్రణ స్మృతిని తెచ్చుకొన్నది. 2005లో సవరించిన స్మృతి 2007 జూలై నుండి అమలులోకి వచ్చింది. ఐస్‌క్రీం బండి కదులుతున్నంతసేపే పాట వినిపించాలి, ఆగితే పాటా ఆగాలి అన్న నియమం ఆ సవరణలోనిదే.

న్యాయస్థానాలు గీసిన గీత

మతపరమైన శబ్దం మాటేమిటి? ఈ తగవు మన రాకకు ఎంతో ముందునాటిది. 1877లో ఫిలడెల్ఫియాలో సెయింట్ మార్క్ చర్చి గంటలపై ఇరుగుపొరుగువారే కోర్టుకెక్కి నిషేధాజ్ఞ పొందారు. మెజారిటీ మతానికి కూడా మినహాయింపు దొరకలేదు. 1948లో న్యూయార్కు రాష్ట్రంలోని లాక్‌పోర్ట్ పట్టణంలో సామ్యూల్ సాయా అనే యెహోవా సాక్షుల బోధకుని వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. పోలీసు అధిపతి ఇష్టాయిష్టాలపై మైకు అనుమతి ఆధారపడే శాసనం చెల్లదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. మరుసటి ఏడు ట్రెంటన్ నగర వ్యాజ్యంలో, చెవులు చిల్లులుపడేలా అరిచే మైకు బండ్లను వీధులలో నిషేధించవచ్చునని అన్నది. 1989లో సెంట్రల్ పార్కు సంగీత వేదికకు సంబంధించిన తీర్పులో సూత్రం స్పష్టపడింది: మీరు ఏమి చెబుతున్నారు, ఏమి పాడుతున్నారు అన్నది ప్రభుత్వం చూడరాదు, ఎప్పుడు, ఎక్కడ, ఏ రీతిన అన్నవాటిని అందరికీ సమానంగా నియంత్రించవచ్చు.

మన పెద్దలు దేశ కాల పాత్రలు అన్న మాటలలో మొదటి రెండూ ఇవే. 2023 ఆగస్టులో నగర పాలకులు మసీదులు శుక్రవారం మధ్యాహ్నం, రంజాన్ మాసంలో సూర్యాస్తమయ వేళ ప్రత్యేక అనుమతి లేకుండానే అజాను మైకులో వినిపించవచ్చునని ప్రకటించినప్పుడు కూడా పరిమితి వేళకూ, ధ్వని స్థాయికీ ఉన్నది.

భారతదేశంలోనూ గీత ఇక్కడే పడింది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగ లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల హద్దు విధించాయి. అదే ఏడు చెన్నైలోని ఒక చర్చి వ్యాజ్యంలో, ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు పేర్కొన్నది. కనుక "ఇండియాలో అయితే అడిగేవారే ఉండరు" అన్న మాట చట్టం దృష్టిలో నిజం కాదు.

బౌన్ వీధి పాఠం

క్వీన్స్‌లోని ఫ్లషింగ్‌లో బౌన్ వీధి ఉన్నది. 1657లో ఆ ఊరి ప్రజలు, క్వేకర్లను వెలివేయమన్న డచ్చి గవర్నరు ఆజ్ఞను ధిక్కరిస్తూ వినతిపత్రం రాశారు. 1662లో తన ఇంట క్వేకర్ల ప్రార్థనకు చోటిచ్చినందుకు జాన్ బౌన్ అరెస్టయ్యాడు. ఆయన పేరు మోసిన వీధిలోనే, ఒకప్పుడు రష్యన్ ఆర్థడాక్స్ చర్చి ఉన్న స్థలంలో, శ్రీ మహావల్లభ గణపతి దేవస్థానానికి 1977 జూలై 4న కుంభాభిషేకం జరిగింది. క్వేకర్ల ప్రార్థన మౌనం. మనది నాదస్వరం, డోలు, ఘంట. మౌనంగా ప్రార్థించేవారి కోసం పోరాడిన వీధిలో నేడు వినాయకుని ఊరేగింపు మంగళవాద్యాలతో సాగుతున్నది.

రేపు ఆలయ కార్యవర్గంలో కూర్చొనేది మీరే. రథోత్సవానికి దారి కోరుతూ నగర కార్యాలయానికి వెళ్లేది మీరే; పొరుగింటివారు తలుపు తట్టినప్పుడు బదులు చెప్పేదీ మీరే. ఆ పొరుగింటిలో రాత్రి విధులు ముగించి వచ్చిన నర్సు ఉండవచ్చు, పసిబిడ్డ ఉండవచ్చు. వారి నిద్ర కోసం మైకు తగ్గించండి. అందువల్ల దేవునికి లోటు రాదు. అయితే ఎవరైనా "మీ వాద్యం వింతగా ఉన్నది, ఆపండి" అంటే, వేళనూ స్థాయినీ పాటిస్తున్నామని మర్యాదగా చూపి నిలబడండి. అనుమతి పత్రం, ధ్వని కొలత, పొరుగువారికి ముందుగా పంపిన ఆహ్వానం, వీలైతే ప్రసాదం, ఈ నాలుగూ మీ చేతిలో ఉంటే మన నాదం ఎవరికీ రొద కాదు.